జేసీబీ దిగే ముందు ఒక్కసారి చూడనివ్వండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(పురావస్తు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, శ్రీశైలం ముంపు ప్రాంతంలో పని నేర్చుకుని, చాలా ఏళ్ళు తవ్వకాల దగ్గర ప్లాన్లు గీసి రిటైరైన మా కాలమిస్టు, ఇళ్ళకూ రోడ్లకూ ప్రాజెక్టులకూ నేల తవ్వేటప్పుడు బయటపడే పాతవాటి గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు రాస్తున్నారు.)

ప్రశ్న: సార్, ముగ్గురు స్నేహితులం కలిసి వెంచర్ వేద్దామని ఊరి బయట ఐదెకరాలు కొన్నాం. ఒక మూల ఎత్తుగా దిబ్బ ఉంది. పాటిదిబ్బ అంటారు. పూర్వం ఆ మన్ను బండ్లతో పొలాలకు తోలుకునేవారట. మొన్న చదును చేస్తుంటే జేసీబీకి పెద్ద పెద్ద ఇటుకలు తగిలాయి. చెల్లాచెదురుగా లేవు, గోడలాగా వరసగా ఉన్నాయి. కుండపెంకులైతే లెక్కలేదు. నేను పని ఆపించాను. మావాళ్ళేమో "ఎవరికైనా తెలిస్తే భూమి గవర్నమెంటు గుంజుకుంటది, రాత్రికి రాత్రి సాఫు చేయించేద్దాం" అంటున్నారు. బ్యాంకు అప్పు నడుస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: బాబూ, పని ఆపించారు చూడండి, అందుకు ముందుగా మీకు నమస్కారం. అప్పు నెత్తిన పెట్టుకుని మిషన్ ఆపించడం ఎంత కష్టమో నాకు తెలుసు. గంటకింత అని దాని కిరాయి పెరుగుతూనే ఉంటుంది.

మీ భయం సంగతి ముందు చూద్దాం. పాత ఇటుకలు దొరికినంత మాత్రాన భూమి ఎవరూ లాక్కోరు. ఒక చోటును రక్షిత స్థలంగా ప్రకటించాలంటే ముందు నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. 1958 నాటి కేంద్ర చట్టంలో ఆ గడువు రెండు నెలలు. రాష్ట్రానికి వేరే చట్టం ఉంది. తెలంగాణలో అది 2017లో వచ్చిన వారసత్వ చట్టం. ప్రభుత్వం భూమినే తీసుకోవాలనుకుంటే పరిహారం కట్టి తీసుకోవాలి తప్ప ఊరికే తీసుకునే వీల్లేదు. నేను చూసినంతలో ఇలాంటి దిబ్బల్లో ఎక్కువ భాగం అంత దూరం వెళ్ళనే వెళ్ళవు. అధికారులు వస్తారు, చూస్తారు, కొలుస్తారు, ఫోటోలు తీసుకుంటారు. అవసరం అనిపిస్తే చిన్న పరీక్ష తవ్వకానికి అనుమతి తెచ్చుకుంటారు. అది కూడా రాష్ట్ర శాఖ తనంతట తాను మొదలుపెట్టేది కాదు, కేంద్రం ఒప్పుకోవాలి. అందుకే కొంత ఆలస్యం అవుతుంది. ఆలస్యమే కాదని నేను చెప్పను. కానీ ఆలస్యం వేరు, భూమి పోవడం వేరు.

నూరు మీటర్లలోపు కట్టకూడదు, ఆ తర్వాత మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి ఉండాలి అనే 2010 నాటి నిబంధన గురించి మీవాళ్ళు విని ఉంటారు. చాలామంది దాంతోనే బెదిరిపోతారు. అది కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన వాటి చుట్టూ వర్తించేది. మీ దిబ్బను ఇంకా ఎవరూ ఏమీ ప్రకటించలేదు.

ఇక ఆ ఇటుకల సంగతి. టేపు పెట్టి ఒకటి కొలవండి, గోడలోంచి పీకకుండా. పొడవు దాదాపు 20 అంగుళాలు, వెడల్పు 10, మందం 3 అంగుళాలు ఉంటే అది నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజుల నాటి కట్టడాల్లో కనిపించే కొలత. విరిగిన ముక్క ఉంటే వెలుతురులో పట్టి చూడండి. మట్టిలో వరిపొట్టు కలిపి కాల్చిన గుర్తులు సన్నని గీతల్లా కనిపించవచ్చు. మీ జిల్లాలోనే ఫణిగిరి ఉంది, ఎప్పుడైనా కొండెక్కి చూశారా? బౌద్ధ స్తూపం, విహారాలు (భిక్షువుల నివాసాలు) ఉన్న చోటు అది. 2024లో అక్కడ తవ్వుతుంటే ఒక మట్టికుండ దొరికింది. దాని నిండా సీసపు నాణేలు, 3,730. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే అడ్డంగా నిలువుగా గీసిన గీతల నాలుగు చివరలా వలయాలు. ఆ నాణేలనే ఎవరో సంచిలో తెచ్చి బల్ల మీద పోసి ఉంటే కిలోల్లెక్కన సీసం తప్ప ఇంకేమీ కాదు. ఏ గది పక్కన, ఎంత లోతులో, ఏ మట్టి పొరలో, ఏ కుండలో ఉన్నాయో తెలిసింది కాబట్టే అవి చరిత్ర అయ్యాయి.

మీరు భూముల వ్యాపారంలో ఉన్నారు కాబట్టి మీకు అర్థమయ్యేలా చెబుతాను. లింకు డాక్యుమెంట్లు లేని ప్లాటు మీరు కొంటారా? స్థలం కళ్ళెదురుగానే ఉంటుంది, కొలతలూ సరిపోతాయి, అయినా కొనరు. ఎవరి నుంచి ఎవరికి ఎలా వచ్చిందో తెలియాలి. మట్టి పొరలే మాకు లింకు డాక్యుమెంట్లు. జేసీబీ బకెట్ ఒక్కసారి దిగి లేస్తే ఐదారు వందల ఏళ్ళ పొరలు ఒకే కుప్పలో కలిసిపోతాయి. తర్వాత ఆ కుప్పను ఎంత జల్లెడ పట్టినా పెంకులు దొరుకుతాయి గానీ వరస దొరకదు.

పరీక్ష తవ్వకం అంటే ఐదెకరాలూ తవ్విపోస్తారని అనుకోకండి. దిబ్బ మీద మేకులు కొట్టి, దారాలు కట్టి, నలుచదరపు గళ్ళు వేస్తారు. వాటిలో ఒకటో రెండో మాత్రమే తవ్వుతారు. గడికీ గడికీ మధ్య సన్నని మట్టి కట్ట వదులుతారు. పైనున్న దున్నిన మన్ను తీశాక ఇక పారతో పని తక్కువ. తాపీతో, కుంచెతో, వేళ్ళ లోతున గీకుతూ పోతారు. గుంట దిగిన కొద్దీ పక్క గోడ మీద పొరలు తేలతాయి. మీ పాటిమన్ను బూడిద రంగులో మెత్తగా ఉంటుంది. వందల ఏళ్ళ పొయ్యి బూడిదా పెంటా చెత్తా కలిసిన మన్ను కాబట్టే పూర్వం రైతులు దాన్ని ఎరువుగా తోలుకునేవారు. దాని కింద పగిలిన ఇటుకల పొర ఉండవచ్చు, ఆ కింద గట్టిగా కొట్టిన నేల, దాని మీద నల్లటి మచ్చ కనిపిస్తే అది ఎవరి ఇంట్లోనో పొయ్యి ఉన్న చోటు. డ్రాఫ్ట్స్‌మన్ ఆ గోడ ముందు కూర్చుని దారం అడ్డంగా కట్టి, ప్రతి పొరనూ కొలిచి గ్రాఫ్ కాగితం మీద గీస్తాడు. నా ఉద్యోగమంతా దాదాపు ఇదే. ఎండ వాలుగా ఉన్న పొద్దున పూట పొరలు బాగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. ఒక్కోసారి నీళ్ళు చిలకరించి చూసేవాళ్ళం.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. గోడ కనిపించిన చోట టార్పాలిన్ కప్పండి, చుట్టూ తాడు కట్టించండి. కొలబద్ద ఏదైనా పక్కన పెట్టి ఫోటోలు తీయండి, ఒక స్కేలో చేతికర్రో అయినా చాలు. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. తహశీల్దారుకూ, రాష్ట్ర వారసత్వ శాఖకూ రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోండి. దిబ్బ తప్ప మిగతా స్థలంలో ఎక్కడ పని చేసుకోవచ్చో వచ్చిన అధికారిని అక్కడికక్కడే అడగండి. ఇంకొక మాట, ఇది నా సొంత సలహా. లేఅవుట్‌లో పార్కుకని కొంత స్థలం ఎలాగూ వదలాలి. ఆ స్థలం దిబ్బ ఉన్న మూలకు వచ్చేలా మీ ప్లాన్ గీయించండి. పునాదులు లోతుకు పోవు, దిబ్బ దిబ్బగా ఉంటుంది, మీ ప్లాట్లు మీకుంటాయి.

రాత్రికి రాత్రి సాఫు చేద్దామన్న మీ స్నేహితులకు అమరావతి సంగతి చెప్పండి. 1790ల్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తూ, దీపాలదిన్నె అనే దిబ్బలోని ఇటుకలూ రాతిపలకలూ తీయించారు. 1797లో బ్రిటిష్ అధికారి కల్నల్ మెకంజీ వచ్చేనాటికే చాలా పోయింది. అది దక్షిణ భారతంలోకెల్లా గొప్ప స్తూపాల్లో ఒకటి. నాయుడుగారికి అది స్తూపమని తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు. మీకు చెప్పేవాళ్ళున్నారు. మిగిలిన పలకల్లో చాలా భాగం ఇవాళ లండన్‌లోనూ చెన్నైలోనూ ఉన్నాయి. అవి స్తూపం మీద ఎక్కడెక్కడ ఏ వరసలో ఉండేవని పండితులు ఇప్పటికీ ఊహించుకోవాల్సి వస్తోంది.

ప్రశ్న: నమస్తే అండీ. మాది శ్రీశైలం డ్యాముకు మునిగిపోయిన ఊరు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో కట్టారని మా నాన్నమ్మ చెప్పేది. మా బంధువొకాయన మాత్రం "అదంతా కొత్త కట్టడం, పాత రాళ్ళు ఎప్పుడో పోయాయి" అంటాడు. నిజం ఏమిటి?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: అమ్మా, మీ నాన్నమ్మగారు చెప్పిందే నిజం. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న ఆ చాళుక్యుల నాటి గుడిని విప్పి అలంపురం తెచ్చారు. పాపనాశం గుళ్ళను కూడా అలాగే ముంపు నుంచి తప్పించి కట్టారు. అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలను మాత్రం కదల్చలేదు, నీళ్ళు ఊళ్ళోకి రాకుండా పెద్ద కరకట్ట కట్టి కాపాడారు. మీ బంధువుగారు బహుశా ఇంకో సంగమేశ్వరంతో కలిపి అనుకుంటున్నారేమో. ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న సప్తనదీ సంగమేశ్వరం వేరు. అది వాన నీళ్ళతో మునుగుతుంది, వేసవిలో జలాశయం తగ్గాక బయటపడి పూజలందుకుంటుంది.

గుడిని విప్పడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, నేను పని నేర్చుకున్నది ఆ ముంపు ప్రాంతంలోనే. మొదట గుడి మొత్తాన్ని నాలుగు వైపుల నుంచీ గీస్తాం. ప్లాన్ అంటే పైనుంచి చూసిన రూపం, ఎలివేషన్ అంటే ఎదుటి నుంచి చూసిన రూపం, సెక్షన్ అంటే నిలువునా కోస్తే కనిపించే లోపలి రూపం. ప్రతి రాయీ బొమ్మలో ఉండాలి. తర్వాత ప్రతి రాయి మీదా నంబరు వేస్తాం. ఏ దిక్కు గోడ, కింది నుంచి ఎన్నో వరస, ఆ వరసలో ఎన్నో రాయి, మూడూ తెలియాలి. శిల్పం ఉన్న ముఖం మీద రంగు పడకూడదు కాబట్టి, జాగా ఉన్న చోట చిన్న అక్షరాలతో తెల్ల పెయింటు. ఎండకు పెయింటు డబ్బాలో అట్ట కట్టేది. ఉదయం వేసిన నంబరును సాయంత్రం ఇంకొకరు బొమ్మతో సరిచూసేవారు. ఎందుకంటే ఒక్క నంబరు తారుమారైతే పది మైళ్ళ అవతల తిరిగి కట్టేటప్పుడు మొత్తం వరస ఆగిపోతుంది.

ఆ తర్వాత పైనుంచి కిందికి విప్పుకుంటూ రావాలి. మూడు దూలాలు కట్టి, చైన్‌పుల్లీ వేసి, గోనెపట్టాలు చుట్టిన రాయిని అంగుళం అంగుళం దింపేవారు. ఆ పనివాళ్ళ చేతుల్లో ఉన్న నేర్పు మా ఇంజనీర్లలో కూడా చాలామందికి లేదు. చప్పుడు విని రాయి లోపల పగులుందో లేదో చెప్పేవారు. గోడ వెలుపలి రాయికీ లోపలి రాయికీ మధ్య చిన్న రాళ్ళూ మట్టీ కూరి ఉంటుంది. విప్పితే తప్ప అది కనబడదు. వెయ్యేళ్ళకు పైగా ఎవరూ చూడని రాతి ముఖాలు ఒక్కసారిగా బయటపడేవి. వాటి మీద శిల్పి వేసుకున్న గీతలు, ఉలి దెబ్బలు నిన్న మొన్న వేసినంత తాజాగా ఉండేవి. వాటిని వేలితో తడిమిన జ్ఞాపకం నాకింకా పోలేదు.

కాబట్టి అలంపురంలో మీరు చూసే రాళ్ళు మీ నాన్నమ్మగారు దణ్ణం పెట్టుకున్న రాళ్ళే. తరలించలేనిది ఒకటుంది. రెండు నదుల కలయిక. ఆ గుడి అక్కడ ఎందుకు కట్టారో చెప్పే చోటు నీటి కింద ఉండిపోయింది. దానికి ఎవరి దగ్గరా మందు లేదు.

మీలాంటి వాళ్ళ ఊళ్ళు వందకు పైగా ఆ జలాశయంలో మునిగాయి. గుళ్ళకు దక్కిన శ్రద్ధలో మనుషులకు ఎంత దక్కిందన్న బాధ మాలో చాలామందికి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. రాళ్ళ మీద నంబర్లు వేస్తుంటే పక్కన సామాను బండికెక్కిస్తున్న కుటుంబాలను చూస్తూ పనిచేశాం. అదే ముంపు ప్రాంతంలో గుళ్ళే కాదు, వీరాపురం, సాతానికోట లాంటి పాత జనావాసాల్లో కూడా 1970ల చివర్లో తవ్వకాలు జరిగాయి. నీళ్ళు రాకముందు వాటి కథ కాగితం మీదికెక్కింది. వీరాపురంలో ఇటుకతో కట్టిన పాత శివాలయాలు బయటపడ్డాయి. మీ పిల్లలకు మీ ఊరి పక్కన రెండు వేల ఏళ్ళ కిందటే జనం ఉన్నారని ధైర్యంగా చెప్పండి.

ప్రశ్న: సార్, మా కాలేజీ టూర్‌లో లాంచీలో నాగార్జునకొండ వెళ్ళాం. అక్కడున్నవి అసలువి కావు, అసలు నగరం నీళ్ళ కింద ఉందని గైడ్ అన్నాడు. మరి అంతా పోయినట్టేనా? డ్యాము కట్టేముందు ఎవరూ పట్టించుకోలేదా?
– డిగ్రీ విద్యార్థిని, మాచర్ల

జవాబు: అమ్మాయీ, పట్టించుకోవడమంటే ఎలా ఉంటుందో తెలియాలంటే నీకు నాగార్జునకొండ కంటే మంచి ఉదాహరణ దేశంలో దొరకదు. పైగా అది మీ మాచర్ల పక్కదే.

1926లో సురపరాజు వెంకటరామయ్య అనే ఒక బడిపంతులుగారు ఆ లోయలో పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనాల విభాగంలో పనిచేసే రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూశారు. తర్వాత 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. మహాచైత్యం (పెద్ద స్తూపం), విహారాలు, శిల్పాలు బయటపడ్డాయి. అప్పటికి అది బౌద్ధ క్షేత్రమనే పేరు.

ఆ తర్వాత డ్యాము మాట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. లోయ మొత్తం, సుమారు 23 చదరపు కిలోమీటర్లు, మునిగిపోతుందని తెలుసు. అందుకని ముందే, 1954లోనే, ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ లోయలో దిగింది. 1960 దాకా తవ్వింది. పేరున్న స్తూపాల దగ్గర మాత్రమే కాకుండా లోయనంతా గళ్ళుగా విభజించి వెతికారు. వందకు పైగా చోట్ల తవ్వారు. దాంతో ఏం జరిగిందో చూడు. బౌద్ధ క్షేత్రమనుకున్నది ఒక రాజధానిగా, ఇక్ష్వాకుల విజయపురిగా తేలింది. కోట, కృష్ణ ఒడ్డున మెట్ల స్నానఘట్టం, అశ్వమేధం చేసిన చోటు, కార్తికేయుడి గుళ్ళు, మెట్ల వరసలతో ప్రేక్షకులు కూర్చునే రంగస్థలం, వీధులు, ఇళ్ళు, ఒక కంసాలి పనిచేసిన ఇల్లు. ఆ కిందికి పోతే పెద్ద రాళ్ళు పేర్చి కట్టిన బృహత్ శిలాయుగపు సమాధులు, ఇంకా కిందికి పోతే రాతి పనిముట్లు. డ్యాము గడువు తరుముతున్నా సరే, చిన్న ఇంటి గోడను కూడా స్తూపమంత శ్రద్ధగా నమోదు చేసినవాళ్ళు ఆ బృందంలో ఉన్నారు. మా తరం వాళ్ళ రిపోర్టులు చూసి ప్లాన్లు గీయడం నేర్చుకుంది.

నది అవతలి గట్టున, నల్లగొండ వైపు, యేలేశ్వరంలో రాష్ట్ర శాఖ అబ్దుల్ వహీద్ ఖాన్‌గారి నాయకత్వంలో తవ్వింది. దాని సంగతి గైడ్లు చెప్పరు. అదీ మునిగింది.

మీ గైడ్ మాటలో సగం నిజం ఉంది. అన్నిటినీ తరలించడం కుదరదు. తొమ్మిది ముఖ్యమైన కట్టడాలను తిరిగి కట్టారు. మరి కొన్నిటికి చిన్న నమూనాలు చేయించారు. మ్యూజియంలో లోయ మొత్తానికీ ఒక నమూనా ఉంది. నువ్వు దాని ముందు ఎంతసేపు నిలబడ్డావో తెలియదు గానీ, ఈసారి వెళితే శిల్పాల కంటే ముందు దాన్ని చూడు. ఏ విహారం ఏ వాగు పక్కన ఉండేదో, గుళ్ళు నదికి ఎంత దగ్గరో అందులో అర్థమవుతుంది. రంగస్థలం చూడాలంటే అనుపు వెళ్ళాలి. మాచర్ల నుంచి దగ్గరే. నువ్వు మెట్ల మీద కూర్చుని, మీ స్నేహితురాలిని కింద నిలబడి మామూలు గొంతుతో మాట్లాడమను, పైదాకా వినిపిస్తుందేమో చూడు.

1966లో మ్యూజియం తెరిచారు. మరుసటేడు ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళతోనే మీ ఊళ్ళూ మావీ పండుతున్నాయి. డ్యాము వద్దని నేను ఎప్పుడూ అనలేదు. ముందు చూసి, రాసుకుని, ఆ తర్వాత నీళ్ళు వదిలారు. దేశం అంత పేదగా ఉన్న రోజుల్లో ఆరేళ్ళు ఓపిక పట్టగలిగారు. ఇప్పుడు ఒక కాలనీకి రెండు వారాలు ఆగలేమా అని నాకు కోపం వస్తుంది.

ప్రశ్న: అంకుల్, నేను ఇంగ్లండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఇంటి వెనక ఖాళీ పొలంలో కొత్త ఇళ్ళు కడుతున్నారు. కట్టేముందు పొడుగ్గా, సన్నగా కందకాల్లాంటివి తవ్వి, హెల్మెట్లు పెట్టుకున్న వాళ్ళు కొన్నాళ్ళు ఏదో గీకి, రాసుకుని, మళ్ళీ పూడ్చేశారు. ఆర్కియాలజీ అన్నారు. అక్కడ ఏమీ లేదు, ఉత్త పచ్చిక. మన దగ్గర ఇలా ఎందుకు చేయరు?
– ఒక ఐటీ ఉద్యోగి, ఇంగ్లండ్

జవాబు: బాబూ, ఏమీ లేదని నీకు పైనుంచి అనిపించింది. ఉందో లేదో తెలుసుకోవడానికే ఆ కందకాలు. పొలం మొత్తంలో నూటికి రెండు మూడు నుంచి ఐదు వంతుల దాకా తవ్వి చూస్తారు. నువ్వు గమనించావో లేదో, ఆ మిషన్ బకెట్‌కు పళ్ళు ఉండవు. చదునైన అంచుతో పై మట్టిని పల్చగా చెక్కుతుంది. పక్కనే ఒకరు నిలబడి, మట్టి రంగు మారగానే చెయ్యెత్తి ఆపుతారు. పాత గుంట ఉన్న చోట, కాలువ ఉన్న చోట, గుంజ పాతిన చోట మట్టి రంగు వేరుగా ఉంటుంది. గుంజ ఎప్పుడో కుళ్ళిపోయినా నేలలో గుండ్రటి నల్ల మచ్చ మిగులుతుంది. మన జేసీబీ డ్రైవర్లకు ఈ ఒక్క విషయం నేర్పితే ఎంత బాగుండునో.

అక్కడ ఇది మొదటి నుంచీ లేదు. 1989లో లండన్‌లో ఆఫీసు కట్టడానికి తవ్వుతుంటే షేక్‌స్పియర్ కాలం నాటి రోజ్ థియేటర్ పునాదులు బయటపడ్డాయి. పెద్ద గొడవ అయింది. జనం, నటీనటులు వీధిలోకి వచ్చారు. మరుసటి ఏడాది, 1990లో, ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టే చోట పాతవి ఉండే అవకాశం ఉంటే ముందే చూడాలి, ఖర్చు కట్టేవారే పెట్టుకోవాలి. దానివల్ల బిల్డర్లు మునిగిపోలేదు. ఖర్చు ముందే లెక్కలో వేసుకుంటున్నారు, అంతే. లండన్‌లో క్రాస్‌రైల్ అనే కొత్త రైలు మార్గానికి సొరంగాలు తవ్వినప్పుడు లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర పాత శ్మశానంలో మూడు వేలకు పైగా అస్థిపంజరాలను జాగ్రత్తగా తీశారు. రైలూ వచ్చింది.

మన దగ్గర రక్షిత కట్టడాల చుట్టూ గట్టి నిబంధనలున్నాయి. పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి అడిగేటప్పుడు చారిత్రక స్థలాల గురించి కూడా రాయాలి. కానీ ఎవరూ ప్రకటించని మామూలు పొలంలో, మామూలు వెంచర్‌కు, ముందుగా ఒక్కసారి చూడాలన్న నియమం లేదు. మనకు ఉన్న పెద్ద లోటు ఇదే. దొరికినవన్నీ ప్రకటించిన స్థలాల్లోనే దొరకలేదు కదా. విశాఖ దగ్గర తొట్లకొండ సంగతే తీసుకో. 1976లో నౌకాదళం అవసరాల కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఆ బౌద్ధారామం కంటపడింది. 1988 నుంచి తవ్వి చూశారు. ఎవరో ముందుగా చూశారు కాబట్టే ఇవాళ కుటుంబాలతో వెళ్ళి సముద్రం చూస్తూ అక్కడ తిరుగుతున్నాం. మేం ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి నియమం కావాలని అడుగుతూనే ఉన్నాం. ఇప్పుడు మీ వయసు వాళ్ళు అడగాలి.

ప్రశ్న: సార్, మా ఊరి గుట్ట కింద పెద్ద పెద్ద గుండ్లు వలయాలుగా పేర్చి ఉన్నాయి. రాక్షసగుళ్ళు అంటారు. ఆ మీదుగా రోడ్డు వస్తోందని సర్వే రాళ్ళు పాతారు. ఇప్పటికే కొన్ని గుండ్లను కంకరకు కొట్టుకుపోయారు. మేం బడి పిల్లలతో ఏం చేయగలం?
– ఒక ఉపాధ్యాయుడు, జనగామ జిల్లా

జవాబు: మాస్టారూ, అవి ఇనుప యుగపు సమాధులు అయ్యుంటాయి. రెండు వేల నుంచి మూడు వేల ఏళ్ళ కిందటివి. లోపల రాతి పలకల పెట్టె, ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు ఉంటాయి. హైదరాబాద్ చుట్టూ ఇలాంటివి ఎన్నో ఉండేవి. హష్మత్‌పేట, మౌలాలీ, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణ. కాలనీలు వచ్చాక చాలా వరకు పోయాయి. నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి కదా, అవీ ఇలాంటి పెద్ద రాళ్ళ కట్టడాలే.

పిల్లలతో తప్పక చేయగలిగే పని ఉంది. ఒక్కటంటే ఒక్కటి కూడా తవ్వించకండి, అది ముందు. టేపుతో ప్రతి వలయం అడ్డుకొలత తీయించండి, ఎన్ని గుండ్లున్నాయో లెక్క రాయించండి, గుట్ట, చెరువు, రోడ్డు సర్వే రాళ్ళు ఎటున్నాయో చూపిస్తూ పెద్ద అట్ట మీద నక్షా గీయించండి. పోయిన వలయాల గుంటలు కూడా అందులో ఉండాలి. గ్రామసభలో తీర్మానం చేయించి, ఆ నక్షా జతచేసి, కలెక్టరుకూ వారసత్వ శాఖకూ రోడ్డు వేసే శాఖకూ పంపండి. అలైన్‌మెంట్, అంటే రోడ్డు వెళ్ళే దారి, ఖరారు కాకముందు పది ఇరవై మీటర్లు జరపడం ఇంజనీర్లకు పెద్ద పని కాదు, టెండరు అయ్యాక మాత్రం కష్టం. కాబట్టి సెలవుల దాకా ఆగకండి, ఈ శనివారమే పిల్లలను తీసుకెళ్ళండి. నక్షా కాపీ నాకొకటి పంపితే కొలతలు సరిచూసి పంపుతాను.

ప్రశ్న: అయ్యా, నేను తాపీమేస్త్రిని. ఒకరి ఇంటికి పునాది తీస్తుంటే చిన్న కుండలో పాత నాణేలు దొరికాయి. ఓనరు ఎవరికీ చెప్పొద్దంటున్నాడు, నాకు సగం ఇస్తానంటున్నాడు. తప్పేమైనా ఉందా?
– ఒక మేస్త్రి, ప్రకాశం జిల్లా

జవాబు: మేస్త్రిగారూ, తప్పే. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దొరికిన విలువైన వస్తువు పది రూపాయలకు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే దొరికినవారికి ఏడాది దాకా జైలు పడవచ్చు. దాచడానికి తోడ్పడిన స్థలం యజమానికి ఆరు నెలలు. అదే చెబితే మీకు హక్కు వస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. వారసులెవరూ లేని నిక్షేపమని తేలితే, మీ ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవారికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తనే ఉంచుకోవాలనుకుంటే ఆ లోహం విలువ కట్టి, దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తుంది. అంటే ఓనరు ఇస్తానంటున్న సగం కన్నా చట్టం మీకిచ్చేదే ఎక్కువ.

నాణేలను కడగకండి, చింతపండుతో తోమకండి, కుండను పారేయకండి. కుండలోని మట్టితో సహా గుడ్డలో మూటకట్టి ఉంచండి. పునాదిలో ఏ మూల, ఎంత లోతులో దొరికిందో ఒక కాగితం మీద గీసి పెట్టండి, లోతు మీ మట్టపుకర్రతోనే కొలవచ్చు. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. నాణేలు అప్పగించేటప్పుడు ఎన్ని ఇచ్చారో లెక్క రాసిన రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి.